ధీమాగా మాట్లాడే చెఫ్‌ని చూస్తే మనకెందుకంత మంట?

వంట పోటీ చూడటంలో ఒక చిక్కు ఉంది. క్రికెట్లో సిక్స్ కొట్టాడో లేదో మన కళ్ళకే తెలుస్తుంది, పాటల పోటీలో అపశ్రుతి మన చెవికే దొరికిపోతుంది, కానీ వంట పోటీలో అసలు తేల్చాల్సిన సంగతి, అంటే రుచి, మన దాకా రాదు. ఉప్పు ఎక్కువైందో తెలీదు, చేప లోపల ఉడికిందో తెలీదు, జడ్జీలు ఏం చెప్తే అది నమ్మాల్సిందే. అలాగని గంటసేపు చూస్తూ ఎవరో ఒకరి వైపు మొగ్గకుండా ఉండలేం కదా. అందుకని మనకు అందేవాటితోనే తీర్పు ఇచ్చేస్తాం: మనిషి మాట, ముఖం, పక్కవాళ్ళతో తీరు. అలా చూస్తూ చూస్తూ వంట పోటీ మన బుర్రలో మర్యాదల పోటీ అయిపోతుంది, ఇవాళ గెలిచేది నేనే అని కెమెరా ముందు అన్న మనిషి ఆ క్షణం నుంచే చాలామందికి గిట్టదు.

నేను ఆ మనిషి వైపు. ఎప్పుడూ అటే. ఎందుకో వివరంగా చెప్పాలని ఇది రాస్తున్నాను, ఎందుకంటే "పొగరు" అని మనం ఒకే మాటలో తోసిపారేసే దాంట్లో మూడు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి, వాటిని విడదీయకుండా ఎవరిని ఇష్టపడాలో ఎవరిని తిట్టుకోవాలో తేల్చుకోవడం అన్యాయం అవుతుంది.

ఉదాహరణగా అమెరికాలో వచ్చే 'టాప్ చెఫ్' తీసుకుందాం. 2006 మార్చిలో బ్రావో ఛానెల్‌లో మొదలైంది, రెండో సీజన్ నుంచి ఇరవయ్యో సీజన్ దాకా చెన్నైలో పుట్టిన పద్మాలక్ష్మి హోస్టుగా ఉండటం వల్ల మనవాళ్ళలోనూ చాలామందికి తెలుసు. ఇందులో పోటీపడేది ఇళ్ళలో వండుకునేవాళ్ళు కాదు, రెస్టారెంట్లలో పనిచేసే చెఫ్‌లు. మొదటి సీజన్లో టిఫనీ ఫేసన్ అనే ఆమె ఉంది. వంటలో గట్టిది, మాటలోనూ గట్టిదే. తనకు ఏం వచ్చో తనకు తెలుసు, ఆ సంగతి దాచుకోదు, పక్కవాళ్ళ పని నచ్చకపోతే నచ్చలేదనే అంటుంది. ఫైనల్ దాకా వెళ్ళింది, హెరాల్డ్ డీటర్లీ చేతిలో ఓడిపోయింది, లక్ష డాలర్లు ఆయనకు వెళ్ళాయి. ఆమెకు మిగిలింది "ఆ సీజన్ విలన్" అన్న ముద్ర. హెరాల్డ్ నెమ్మదైన మనిషి, పెద్దగా మాట్లాడడు, అతను గెలవడం చూసి చాలామంది మంచితనం గెలిచిందన్నట్టు సంతోషపడ్డారు. హెరాల్డ్ బాగా వండాడు, అందులో నాకు పేచీ లేదు. కానీ ఆ సంతోషంలో వంట ఎంత, టిఫనీ ఓడిపోయిందన్న తృప్తి ఎంత అన్నదే నా ప్రశ్న.

ముందు ఆ మాటలు మన దాకా ఎలా వస్తాయో చూడాలి. పోటీదారుడు ఒక్కడే కూర్చుని కెమెరాతో మాట్లాడే ముక్కలు ఉంటాయి కదా, అవి వంట జరుగుతున్నప్పుడు తీసినవి కావు. తర్వాత కూర్చోబెట్టి, ప్రశ్నలు అడిగి, జరిగిపోయిన దాన్ని ఇప్పుడే జరుగుతున్నట్టు చెప్పమంటారు. అడిగేవాళ్ళ గొంతు మనకు వినపడదు. "ఇవాళ ఎవరు గెలుస్తారనుకుంటున్నావు? ఫలానావాళ్ళ వంట నీకెలా అనిపించింది?" అని పదిసార్లు అడిగితే ఎంత నెమ్మదస్తుడైనా ఏదో ఒకటి అంటాడు, మనకు ఆ ఒక్కటే చూపిస్తారు, అడక్కుండానే తనంతట తాను అన్నట్టు. ఇక జడ్జీల నిర్ణయం కోసం వాళ్ళు ఎదురుచూసే ఒక గది ఉంటుంది. మనకు రెండు నిమిషాల్లో అయిపోయే ఆ ఎదురుచూపు నిజానికి గంటల తరబడి సాగుతుంది, పొద్దున్నుంచి నిలబడి వండిన మనుషులు, కాళ్ళు పీకుతుంటాయి, తాగడానికి వైన్ ఉంటుంది, చేతిలో ఫోన్ ఉండదు, ఎవరిని ఇంటికి పంపుతారో తెలియదు. అలాంటి గదిలో మాటామాటా పెరగకపోతేనే ఆశ్చర్యపోవాలి. ఆ గొడవంతా తీస్తారు.

పైగా కత్తిరింపు ఒకటి ఉంది. రియాలిటీ షోల్లో వేర్వేరు సమయాల్లో అన్న ముక్కలు తెచ్చి ఒకే వాక్యంలా అతికించడం కొత్తేమీ కాదు. చూసేవాళ్ళు గుర్తుపట్టే మార్గం ఒకటుంది, నేను ఎప్పుడూ అదే చూస్తాను: మనిషి ముఖం కనపడుతుండగా, పెదవులు కదులుతుండగా వాక్యం మొత్తం వస్తే అది ఆ మనిషి అన్నమాటే. మాట మధ్యలో బొమ్మ మారిపోయి బాణలి మీదికో ఎవరి ముఖం మీదికో వెళ్ళి, గొంతు మాత్రం వెనకాల నడుస్తుంటే ఆ మాటను కొంచెం అనుమానంగా వినాలి. అతికించిందే అని కాదు, అతికించి ఉండొచ్చు. ఈ చిన్న అలవాటు పెట్టుకుంటే మనం ఎంతమందిని తొందరపడి తిట్టుకున్నామో తెలిసొస్తుంది. ఇంకో సంగతి, టాప్ చెఫ్ చివర్లో పేర్లు గబగబా పరిగెడుతున్నప్పుడు ఒక చిన్న వాక్యం వస్తుంది: గెలుపోటముల నిర్ణయాలు జడ్జీలు నిర్మాతలతో సంప్రదించి తీసుకున్నారని. దాన్నిబట్టి అంతా ముందే రాసిపెట్టుకున్న నాటకం అనేయడం తప్పు, టామ్ కొలికియో లాంటి చెఫ్ జడ్జి కుర్చీలో కూర్చుని బాగాలేనిదాన్ని బాగుందనడు. కానీ టీవీకి కథ కావాలి, కథకి ఒక గట్టి నోరు కావాలి, ఆ వేషం ఎవరికి వేయాలో ఎడిటింగ్ గదిలో తేలుతుంది.

సరే, ఇప్పుడు ఆ పొగరు మూట విప్పుదాం. అందులో మొదటిది, పనిలో ధీమా: ఏం వండాలో గబుక్కున తేల్చుకుని దాని మీద నిలబడటం. రెండోది, ఆ ధీమాని పైకి చెప్పడం. మూడోది, పక్కవాళ్ళని తక్కువ చేయడం. మనం ఈ మూడింటికీ కలిపి ఒకే మార్కు వేస్తాం, నా దృష్టిలో మొదటిది లేకపోతే గెలవడమే కష్టం, రెండోది వాళ్ళ హక్కు, మూడోదాన్ని మాత్రం వదలకూడదు.

మొదటి దాని గురించి చెప్పాలంటే అయిదో సీజన్ ఫైనల్ చెప్పాలి. 2009 ఫిబ్రవరిలో వచ్చింది, న్యూ ఆర్లీన్స్‌లో జరిగింది. మిగిలిన ముగ్గురు కార్లా హాల్, స్టెఫాన్ రిక్టర్, హోసియా రోజెన్‌బర్గ్. స్టెఫాన్ పెద్ద నోరున్నవాడు. కార్లా అందరికీ ఇష్టమైన మనిషి, నవ్వుతూ ఉంటుంది, ప్రేమతో వండాలంటుంది, ఆ దశకి వచ్చేసరికి మంచి ఊపులో కూడా ఉంది. ఫైనల్లో సహాయానికి పాత సీజన్ల చెఫ్‌లను ఇచ్చారు, కార్లాకి మూడో సీజన్ ఫైనలిస్ట్ కేసీ థామ్సన్ వచ్చింది. బీఫ్‌ని సంచిలో పెట్టి తక్కువ వేడి నీళ్ళలో ఉడికిద్దామని కేసీ సలహా ఇచ్చింది. అది కార్లా పద్ధతి కాదు. గుడ్ల తెల్లసొన గిలక్కొట్టి పొంగించి చేసే చీజ్ సూఫ్లే చేద్దామని ఇంకో సలహా. కార్లా రెంటికీ సరే అంది. మాంసం ఆశించినట్టు రాలేదు, సూఫ్లే చెడిపోయి ప్లేటులోకే రాలేదు, టైటిల్ చేజారింది. అందులో కేసీని అనాల్సిందేమీ లేదు, ఆమె సాయం చేయడానికే వచ్చింది, తనకు మంచిదనిపించింది చెప్పింది. వద్దు, నేను నా పద్ధతిలోనే చేస్తాను అనాల్సింది కార్లా. ఆ ఒక్క "వద్దు" రాకపోవడం ఎంత ఖరీదైందో చూశాక, వంటగదిలో ధీమా అనేది మనిషి స్వభావానికి సంబంధించిన అలంకారం అని నేను ఎప్పుడూ అనుకోలేదు. అది కూడా కత్తి పట్టడంలాంటి పనితనమే. అరగంటలో, గంటలో, తెలియని వంటగదిలో, అడగని దినుసుతో వండాల్సినప్పుడు సందేహిస్తూ నిలబడిన ప్రతి నిమిషమూ ప్లేటులో కనపడుతుంది.

మన దగ్గర పెళ్ళికి వంట ఒప్పుకునే ఆయనను చూడండి. ఆరొందల మంది వస్తారండీ, మీ వల్ల అవుతుందా అని అడిగితే "మీరు వదిలేయండి, నేను చూసుకుంటా, పులిహోర దగ్గర్నుంచి గుత్తొంకాయ దాకా మీ చుట్టాలు ఊరెళ్ళాక కూడా చెప్పుకుంటారు" అంటాడు. దాన్ని ఎవరూ పొగరు అనరు. ఆ మాట విన్నాకే అడ్వాన్సు చేతిలో పెడతాం. "ఏమోనండీ, చూద్దాం, బాగా రావచ్చు" అన్నాయనకి ఎవరైనా కూతురి పెళ్ళి అప్పజెప్తారా? అదే ధీమా టీవీలో ఒక పోటీదారు చూపిస్తే మాత్రం మనకు ఎక్కడో గుచ్చుకుంటుంది. బహుశా ఇళ్ళల్లో వండేవాళ్ళ దగ్గర మనం అలవాటుపడింది వేరు కాబట్టి. ఎంత అద్భుతంగా వండినా "ఏదో చేశాను, ఉప్పు సరిపోయిందో లేదో చూడండి" అంటూ వడ్డించాలి, పొగడాల్సింది తిన్నవాళ్ళు, వండినవాళ్ళు కాదు. ఇంట్లో అది అందంగానే ఉంటుంది. కానీ ఉద్యోగం వదులుకుని, ఇల్లు వదిలి, కొన్ని వారాలపాటు కెమెరాల మధ్య పోటీపడటానికి వచ్చిన వృత్తి చెఫ్ దగ్గర్నుంచి అదే వినయం ఆశించడం ఏం న్యాయం?

ధీమా అన్నది గొంతు స్థాయిని బట్టి కూడా ఉండదు. బుద్ధా లో అని ఒక ఆస్ట్రేలియన్ చెఫ్, 19, 20 సీజన్లు వరసగా గెలిచాడు, టాప్ చెఫ్ రెండుసార్లు గెలిచినవాడు ఇప్పటికి అతనొక్కడే. పాత సీజన్లన్నీ పరీక్షకి చదివినట్టు చదువుకుని వచ్చాడు, ఆ సంగతి దాచుకోలేదు కూడా. నెమ్మదిగా, నవ్వుతూ చెప్తాడు కాబట్టి ఎవరికీ కోపం రాలేదు. చెప్పిన తీరు మారితే మన తీర్పు ఎంత మారిపోతుందో చూడండి, నేను గెలవడానికే వచ్చాను అన్నది టిఫనీ చెప్పినా బుద్ధా చెప్పినా సారం ఒకటే.

రెండో ముడి, పైకి చెప్పడం. ఇక్కడ నాకు గుర్తొచ్చేది మూడో సీజన్ విజేత హుంగ్ హ్విన్. 2007 సీజన్, మయామీలో మొదలై ఆస్పెన్‌లో ముగిసింది. వియత్నాంలో పుట్టి చిన్నప్పుడే అమెరికా వచ్చిన మనిషి, వంట చేసే కుటుంబం. చేతివేగం చూసి తీరాలి. ఒక రిలే పోటీలో కోళ్ళను కోసి ముక్కలు విడదీయాల్సి వస్తే అతను చేసిన వేగానికి చూస్తున్న జడ్జీలే నోరెళ్ళబెట్టారు. తన పనితనం మిగతావాళ్ళకంటే పైన ఉందని అనుకునేవాడు, అలాగే అనేవాడు కూడా. తోటివాళ్ళకి నచ్చలేదు. జడ్జీలు కూడా సీజన్ పొడవునా ఒకటే పాట: టెక్నిక్ ఉంది కానీ వంటలో నువ్వు కనపడటం లేదు, ఆత్మ లేదు అని. నాకు ఆ విమర్శ మొదట్నుంచీ మింగుడుపడదు. ఆత్మ అనేది నాలుక మీద ఎక్కడ తగులుతుంది? వినయంగా, కళ్ళలో నీళ్ళు పెట్టుకుని అమ్మమ్మ గురించి చెప్పి వడ్డిస్తే ఆత్మ ఉన్నట్టూ, ఇది నాకు బాగా వచ్చు అని చెప్పి వడ్డిస్తే లేనట్టూ అనిపించడంలో రుచి పాత్ర ఎంత? వలస వచ్చిన కుటుంబాల పిల్లలను ఈ ప్రశ్న మరీ ఎక్కువ అడుగుతారు, ఫ్రెంచ్ పద్ధతిలో ఎంత శుభ్రంగా వండినా నీ ఇంటి వంట ఏదీ అంటారు, అమెరికాలో వంటలోకి దిగిన మన తెలుగు పిల్లలకి కూడా ఇది రేపు ఎదురయ్యేదే. చివరికి హుంగ్ గెలిచాడు. ప్రేక్షకులు ఓటేసి ఎంచుకునే అభిమాన చెఫ్ బహుమతి మాత్రం అతనికి రాలేదు, అది కేసీ థామ్సన్‌కి వెళ్ళింది.

ఆ ప్రేక్షకుల బహుమతి సంగతి కూడా చూడాల్సిందే. అయిదో సీజన్లో ఫాబియో వివియానీ, ఆరులో కెవిన్ గిలెస్పీ, పాత పోటీదారులతో నడిచిన ఎనిమిదిలో కార్లా హాల్. ముగ్గురూ చూడముచ్చటైన మనుషులు, ముగ్గురూ టైటిల్ గెలవలేదు. నాలుగో సీజన్లో స్టెఫనీ ఇజార్డ్ రెండూ గెలిచింది కాబట్టి మంచివాళ్ళు గెలవరు అనే అర్థం తీయక్కర్లేదు. జడ్జీలు తిన్నదానికి మార్కులు వేస్తారు, మనం చూసినదానికి వేస్తాం, ఈ రెండూ అప్పుడప్పుడే కలుస్తాయి. టాప్ చెఫ్‌లో ఇంకో నియమం కూడా ఉంది, ప్రతి పోటీనీ దానికదే చూస్తారు, నిన్నటి వరకూ ఎంత బాగా వండినా ఇవాళ ప్లేటు బాగోకపోతే ఇవాళే ఇంటికి. కాబట్టి నేను గెలుస్తాను అని ముందే చెప్పినవాళ్ళకి దాక్కునే చోటు ఉండదు. నాకు వాళ్ళు నచ్చడానికి అసలు కారణం ఇదే. పందెం ముందే కాస్తారు. నెమ్మదిగా ఉండి ఓడినవాణ్ణి మనం పాపం అంటాం, చెప్పి ఓడినవాడికి బాగా అయ్యింది అంటాం, ఆ నవ్వులపాలు అయ్యే ప్రమాదం తెలిసీ నోరు తెరవాలంటే గుండె కావాలి.

మూడో ముడి దగ్గర నా మద్దతు ఆగిపోతుంది. ఆరో సీజన్ మొదట్లో ఒక మగ పోటీదారు, ఒక ఆడ మనిషి తన స్థాయిలో ఉండకూడదన్న అర్థం వచ్చేలా కెమెరాకే చెప్పాడు. తన వంట గురించి ఎంత గొప్పగానైనా చెప్పుకోవచ్చు, ఎదుటి మనిషి పుట్టుకను బట్టి నువ్వు ఇంతే అనడం ధీమా కిందికి రాదు. దాన్ని ఎడిటింగ్ మీదికి తోసేయడం కూడా కుదరదు, ముఖం పెట్టి అన్నమాట అది.

ఇది రెండో వైపు నుంచి కూడా వర్తిస్తుంది. రెండో సీజన్లో మార్సెల్ విన్యెరాన్ అనే కుర్రాడు ఉన్నాడు, ప్లేటు మీద నురగలు పెట్టడం ఇష్టం, తన ప్రతిభ గురించి మాట్లాడటం ఇంకా ఇష్టం. మిగతావాళ్ళకి అతనంటే పడేది కాదు. ఒక రాత్రి నిద్రపోతున్నవాణ్ణి లాగి, క్లిఫ్ క్రుక్స్ అనే పోటీదారు నేలకి అదిమిపెడితే, గుండు గీసేద్దామని మిగతావాళ్ళు చుట్టూ చేరారు, ఒకరు వీడియో కూడా తీశారు. గుండు గీయలేదు, అతను వద్దని అరుస్తూనే ఉన్నాడు. నిబంధనల ప్రకారం చేయి చేసుకున్న క్లిఫ్‌ని తీసేశారు. అక్కడే ఉన్న ఐలన్ హాల్ పోటీలో కొనసాగి, ఫైనల్లో మార్సెల్‌నే ఓడించి టైటిల్ తీసుకున్నాడు. అదంతా చూశాక కూడా మార్సెల్ చిరాకు పుట్టిస్తాడు కాబట్టి అలా జరిగింది అనుకున్నవాళ్ళున్నారు. నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఎక్కువ మాట్లాడేవాడి మీద ఏం చేసినా చెల్లుతుంది అనే ఆలోచన ఎక్కడిదాకా తీసుకెళ్తుందో ఆ రాత్రి చూపించింది.

నోరు మూసుకుని ఉండటం మాత్రం ఎప్పుడూ మంచిదేనా? పదో సీజన్లో క్రిస్టెన్ కిష్ సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. రెస్టారెంట్ వార్స్ అని ప్రతి సీజన్లో ఒక పెద్ద పోటీ ఉంటుంది, జట్టుగా కలిసి ఒక్కరోజుకి రెస్టారెంట్ నడపాలి. కిష్ ప్రధాన చెఫ్. జోసీ అనే సభ్యురాలు చేయాల్సిన చేపల పులుసు లాంటి ఫ్రెంచ్ వంటకానికి ముందురోజే కావాల్సిన పని పూర్తి కాలేదు, దాంతో అసలు అనుకున్న రూపమే పోయింది. జడ్జీల ముందు నిలబడినప్పుడు కిష్ తప్పు జోసీదని గట్టిగా చెప్పలేదు, నాయకురాలిని నేను కాబట్టి బాధ్యత నాది అంది. కిష్‌ని ఇంటికి పంపారు. ఇంటికి పంపినవాళ్ళ కోసం షో పక్కనే నడిచే ఇంకో పోటీలో ఆమె వరసగా గెలుచుకుంటూ వెనక్కి వచ్చి, బ్రూక్ విలియమ్సన్‌ని ఓడించి టైటిల్ గెలిచింది, 2024లో వచ్చిన 21వ సీజన్ నుంచి షోకి హోస్టు కూడా ఆమే. అందరూ ఆమె హుందాతనాన్ని మెచ్చుకుంటారు, నేనూ మెచ్చుకుంటాను. కానీ వెనక్కి వచ్చే ఆ దారి లేకపోయి ఉంటే? ఆ సీజన్లో అందరికంటే బాగా వండుతున్న మనిషి, జరిగింది జరిగినట్టు చెప్పనందుకు ఇంటికి వెళ్ళిపోయి ఉండేది. ఆమె స్థానంలో టిఫనీ ఉంటే పులుసు ఎవరు చేశారో, ఎప్పుడు మొదలుపెట్టారో నిమిషాలతో సహా చెప్పి ఉండేదని నా నమ్మకం, మనం ఆమెను చాడీలు చెప్పే మనిషి అని ఉండేవాళ్ళం. నిజం చెప్పడానికీ చాడీకీ తేడా ఉంది. జడ్జీలు అడిగినప్పుడు ఎవరు ఏం వండారో చెప్పడం చాడీ కాదు.

ఇక ఆడవాళ్ళ సంగతి. టాప్ చెఫ్ 2025 నాటికి 22 సీజన్లు అయ్యాయి, గెలిచిన ఆడవాళ్ళు ఆరుగురు. మొదటి తొమ్మిది సీజన్లలో ఒక్క స్టెఫనీ ఇజార్డే. దాని పక్కన ఇంకో షో పెట్టి చూడండి. గై ఫియెరీ నడిపే 'టోర్నమెంట్ ఆఫ్ ఛాంపియన్స్' 2020లో మొదలైంది. అందులో జడ్జీలు వంట చూడరు, ఎవరు వండారో వాళ్ళకు తెలీదు, వేరే చోట ఉంటారు, ప్లేట్లు మాత్రం వస్తాయి. ఒక చక్రం తిరిగి దినుసు, పరికరం, పద్ధతి, సమయం తేలుస్తుంది. వంద మార్కుల్లో రుచికి 50, చక్రం ఇచ్చినవాటిని వాడిన తీరుకి 30, ప్లేటు అందానికి 20. మొదటి ఆరు సీజన్ల విజేతలు చూస్తే బ్రూక్ విలియమ్సన్, మణీత్ చౌహాన్, టిఫనీ ఫేసన్, మెయి లిన్, మళ్ళీ మణీత్ చౌహాన్, ఆంటోనియా లొఫాసో. ఆరుసార్లూ ఆడవాళ్ళే. దీన్నిబట్టి టాప్ చెఫ్ జడ్జీలు పక్షపాతులు అని రుజువైపోయిందని నేను అనను. ఆరు సీజన్లు చిన్న లెక్క, పోటీ తీరు వేరు, ఇక్కడికి వచ్చేసరికి వీళ్ళందరూ ఇంకా పదునెక్కిన చెఫ్‌లు. కానీ మనిషి కనపడకుండా, గొంతు వినపడకుండా, నవ్విందా కసిరిందా తెలియకుండా ప్లేటు ఒక్కటే ముందుకు వచ్చినప్పుడు ఫలితం ఇలా ఉందంటే, మనిషి కనపడే చోట ఏదో ఒక బరువు తక్కెడలో పడుతోందేమో అని అడగడం తప్పు కాదు. మగవాడు గట్టిగా మాట్లాడితే ఆటపట్టించే సరదా మనిషి అనుకుంటాం, స్టెఫాన్‌కి దక్కింది అదే. టిఫనీకి అది దక్కలేదు.

టిఫనీ ఈ టోర్నమెంట్ గెలిచింది మూడో సీజన్లో, 2022లో, గమనించారా. విలన్ ముద్ర పడిన పదహారేళ్ళకి. మధ్యలో ఆమె ఖాళీగా కూర్చోలేదు. 2010 చివర్లో మొదలైన టాప్ చెఫ్ ఆల్ స్టార్స్‌లోకి, అంటే పాత పోటీదారుల సీజన్లోకి వచ్చింది, మధ్యలోనే ఓడి వెళ్ళిపోయింది. 2011లో బోస్టన్‌లో స్వీట్ చీక్స్ అనే బార్బెక్యూ రెస్టారెంట్ పెట్టింది, తర్వాత ఇంకా పెట్టింది. ఆ టోర్నమెంట్ ఫైనల్లో ఆమె ఓడించింది బ్రూక్ విలియమ్సన్‌ని, అంటే ఆ టోర్నమెంట్ మొదటి సీజన్ విజేతని, టాప్ చెఫ్ కూడా గెలిచిన మనిషిని. ఆ మార్కులు వేసినవాళ్ళకి అది ఆమె ప్లేటని తెలియదు. బహుమతి లక్ష డాలర్లు, 2006లో చేజారినంతే.

టిఫనీ టాప్ చెఫ్ మొదటి సీజన్లో తోటివాళ్ళతో కటువుగా ఉన్న సందర్భాలు లేకపోలేదు, ఇప్పుడు మళ్ళీ చూసినా కొన్ని మాటలు అనకుండా ఉండాల్సింది అనిపిస్తుంది. అభిమానిస్తున్నాం కదా అని వాటిని వెనకేసుకు రానక్కర్లేదు. మనం అభిమానించే మనిషి ప్రతి మాటా ఒప్పయి ఉండాలన్న పట్టుదల వల్లే ఈ గొడవలు సగం పెరుగుతాయి.

మన తెలుగులో ఈ చిక్కు ఇంకో రకంగా ఉంది. 2017 నుంచి బిగ్ బాస్ మనకు ఓటు వేయడం అలవాటు చేసింది. అక్కడ మనిషి తీరే పోటీ కాబట్టి తీరు చూసి ఓటేయడంలో తప్పు లేదు. అదే కళ్ళజోడు పెట్టుకుని వంట పోటీలకి వస్తున్నాం. 2021లో జెమినిలో మాస్టర్ చెఫ్ తెలుగు వచ్చింది, 2024లో సోనీలివ్‌లో సంజయ్ తుమ్మ, చలపతిరావు, నికితా ఉమేశ్ జడ్జీలుగా మాస్టర్ చెఫ్ ఇండియా తెలుగు వచ్చింది. ఇలాంటి షోల గురించి ఇళ్ళల్లో మాట్లాడుకునేటప్పుడు వినండి, వంటకం గురించి రెండు మాటలు, మనిషి గురించి పది మాటలు. కష్టపడి వచ్చిన అమ్మాయి అంటే ఇష్టం, ఏడిస్తే ఇంకా ఇష్టం, నాకు బిర్యానీ దమ్ ఇంతకంటే బాగా ఎవరికీ రాదు అంటే మాత్రం "అబ్బో" అని మొదలుపెడతాం. ఆ అబ్బో అనేముందు ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు, ఆమె దమ్ నిజంగా బాగా వచ్చిందా లేదా?

వచ్చిందో లేదో మనకు తెలియదు, జడ్జీలకు తెలుసు, వాళ్ళకీ ఆమె ఎవరో, ఎలా మాట్లాడుతుందో, ఇంటి దగ్గర ఏ కష్టాలున్నాయో ముందే తెలుసు. అందుకే తెలుగులో వచ్చే తర్వాతి వంట షో తీసేవాళ్ళని నేను అడిగేది ఒకటే. సీజన్లో ఒక్క నాలుగు ఎపిసోడ్లయినా జడ్జీలను వేరే గదిలో కూర్చోబెట్టి, పేర్లు లేకుండా ప్లేట్లు పంపండి. గోంగూర మటన్ వస్తే అది ఎవరిదో వాళ్ళకు తెలియకూడదు, మార్కులు తెర మీద విడివిడిగా వేయండి, రుచికి ఎంత, పద్ధతికి ఎంత అని. పోటీదారులను మాత్రం వాళ్ళ ఇష్టం వచ్చినట్టు మాట్లాడనివ్వండి, గొప్పలు చెప్పుకోనివ్వండి, ప్లేటు లోపలికి వెళ్ళేముందే ఇవాళ ఎన్ని మార్కులు వస్తాయో వాళ్ళ నోటితోనే చెప్పించండి.